ఒక్కొక్కటిగారి పది గంటల బులెటిన్

నది నీటిమట్టాల ఆఫీసులో ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది. జీతం రోజున తప్ప దానితో ఎవరికీ పనిపడేది కాదు. మిగతా రోజుల్లో ఆయన ఒక్కొక్కటిగారు. సంచీలో నిమ్మకాయలు కూడా ఒక్కొక్కటే పరామర్శించి బయటికి తీసే మనిషి.

ఆయన ప్రోగ్రామూ అంతే. పడే వీలున్న వానల్ని ఊహించి, ఒక్కో వానను వెంటబెట్టుకుని, నది పొడవునా ఉన్న ఒక్కో కొలబద్ద దగ్గరికీ వెళ్లి, గంటగంటకీ నీరెంత పెరుగుతుందో విచారించేది. చేసిన పనే మళ్లీ మళ్లీ తిరిగి చేసే ఈ చుట్టును లూపంటారు. లూపులో లూపు, అందులో ఇంకో లూపు. పదింటికి రావలసిన బులెటిన్ మధ్యాహ్నానికి నింపాదిగా విచ్చేసేది.

"అయ్యా, మీ హెచ్చరిక అందింది," అని రేవు దగ్గర పడవ నడిపే ఆయన ఫోన్ చేసేవాడు. "తడిసిన బట్టలు ఆరేసుకుంటూ చదివాను."

చివరికి పెద్దాఫీసరు తేల్చేశారు: "సోమవారం పదింటికి రాకపోతే మీది పక్కనపెట్టి బయటిది కొనేస్తాం." పదేళ్లు పెంచిన ప్రోగ్రాం. ఒక్కొక్కటిగారు క్యారేజీలో మెతుకులు ఒక్కొక్కటే కెలుకుతూ కూర్చున్నారు.

పక్కబల్ల అమ్మాయి చూడలేకపోయింది. "బాబాయ్, ఇంట్లో మిషన్‌లో బట్టలు ఒక్కొక్కటే వేసి ఉతుకుతారా?"

"మీ పిన్ని ఊళ్లో లేనప్పుడు వేశానమ్మా."

"అనుకున్నా! వరసకో వాన, నిలువు గడికో కొలబద్ద. పట్టికంతా ఒకేసారి యంత్రానికి అప్పజెప్పండి. తిరగాల్సిన తిరుగుడేదో లోపల అదే తిరుగుతుంది. దాని కాళ్లు మనకంటే గట్టివి."

ఆయన ప్రోగ్రాం అలాగే తిరగరాసి సోమవారం పొద్దున మీట నొక్కారు. టీ కప్పు ఎత్తేలోపు లెక్క పూర్తయింది. ఆయన అనుమానంగా మళ్లీ నొక్కారు. మళ్లీ పూర్తయింది. పటం చూస్తే నదంతా ఎరుపు. పిల్లలు బంతాట ఆడే ఎండు పాయకు కూడా వరద ప్రమాదమట!

"పంపేయనా అమ్మా? టైమవుతోంది."

"ఆగండి బాబాయ్! పాత లూపు చెరిపేశారా?"

"మనసు రాలేదు."

"బతికించారు. రెండు వానలకే దాన్ని తిప్పండి, పక్కపక్కన పెట్టి చూద్దాం."

నీటిమట్టాలు అచ్చుగుద్దినట్టు కలిశాయి. నీరు ప్రమాద గుర్తు దాటిందా లేదా అని పోల్చే దగ్గరే చెడింది. కొలబద్దకొకటి చొప్పున అడ్డంగా పరచాల్సిన ప్రమాద గుర్తుల్ని ఈయన నిలువుగా నిలబెట్టారు. దాంతో అవి వానకొకటి చొప్పున తగులుకున్నాయి. వానలూ కొలబద్దలూ లెక్కకు సరిసమానం కావడంతో యంత్రం కిమ్మనలేదు. ఒక్క వాన ఎక్కువున్నా గగ్గోలు పెట్టేది.

ఆయన వాటిని పడుకోబెట్టారు. ఎరుపంతా వెళ్లి రేవు దగ్గర మాత్రం మిగిలింది. బులెటిన్ పదింటికి వెళ్లింది.

వెంటనే ఫోన్. "అయ్యా, ఇదేంటి, వానింకా రాలేదే?"

"వస్తుందయ్యా. పడవ కట్టేయ్."

సాయంత్రం మళ్లీ ఆయనే. "వచ్చిందండీ! రేవు మెట్లు మునిగాయి. పొడిబట్టల్తో మాట్లాడుతున్నా."

ఒక్కొక్కటిగారు కళ్లజోడు తుడుచుకుని లేచారు. అమ్మాయికి దణ్ణం పెట్టారు. యంత్రానికి పెట్టారు. తెరమీద పాత లూపు తెరిచి దానికీ పెట్టారు. పెద్దాఫీసరు గదివైపు బయల్దేరారు.

"అందరికీ కలిపి ఒక్కటి పెట్టేయొచ్చుగా బాబాయ్?"

"ఇది మాత్రం లూపులోనే తల్లీ."