స్వరూపకు లినక్స్ చెప్పింది నేనే

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. వింటే మీకు చిన్న విషయంలాగే అనిపించవచ్చు. ఒక స్నేహితురాలికి కంప్యూటర్ గురించి సలహా ఇచ్చాను, అంతే. ఆ సలహాలో ఒక్క అబద్ధం కూడా లేదు. నేను ఇన్నాళ్లూ దాక్కున్నది ఆ సంగతి వెనకే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. డిగ్రీ అయ్యాక నేనూ స్వరూపా మేడ్చల్ బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరాం. ఆమె దేవరయాంజాల్ నుంచి రావాలి, ఎప్పుడూ ఆలస్యమే. చున్నీతో మొహం తుడుచుకుంటూ వచ్చి, నా వెనక నిలబడి, నా ప్రోగ్రాంలో తప్పెక్కడుందో చెప్పేసేది. నేను పొద్దున్నుంచీ వెతుకుతున్న తప్పు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం భగ్గున మండేది. దానికి అసూయ అని పేరు పెట్టడానికి నాకు చాలా కాలం పట్టింది.

గుండ్లపోచంపల్లిలో విత్తనాల గోదాము వాళ్లకు ప్రోగ్రాములు రాసే మనిషి కావాలని, పరీక్ష పెడతారని మా సారు చెప్పారు. ఉన్నది ఒక్కటే ఉద్యోగం. ఆ రోజు స్వరూప రాలేదు. "పరీక్ష విండోస్ మీదనే ఉంటదంట. విజువల్ బేసిక్ జర మంచిగ చూసుకోండ్రి. స్వరూపకు గూడ చెప్పు" అన్నారు సారు. సరే సార్ అన్నాను. సాయంత్రం ఫోన్ చేసి పరీక్ష సంగతి ఆమెకు చెప్పాను. విండోస్ సంగతి చెప్పలేదు. అప్పటికి కావాలని దాచానా? మరుసటి రోజు చెబుదామనుకున్నానేమో. నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఇక్కడ జవాబు తేలదు.

మరుసటి రోజు ఆమె మొహం వెలిగిపోతూ వచ్చింది.

"మా మామ పాత కంప్యూటర్ ఇచ్చిండే. ఇగ పరీక్ష దాంక ఇంట్లనే నేర్చుకుంట. గండ్ల విండోస్ ఏస్కోవాల్నా, లినక్స్ ఏస్కోవాల్నా?"

"లినక్స్ ఏస్కో. ప్రోగ్రాములు రాసెటోళ్లకు గదే మంచిది. అసలు పని గండ్లనే సమజైతది."

"రెండూ పెట్టుకుంటే? జాగ తక్కువున్నది గని, సర్దొచ్చంట."

"రెండు పడవల మీద కాళ్లు పెడ్తవా? ఒక్కటే పట్టుకో."

"నువ్వు చెప్పినంక ఇగ సోంచాయించుడు ఎందుకు" అంది.

విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ మంచిదే. ఈ రోజుకీ నేను పని చేసేది దాని మీదే. ఎవరడిగినా అదే చెబుతాను. కానీ ఆ రోజు నేను చెప్పింది అది మంచిదని కాదు, విజువల్ బేసిక్ దాని మీద నడవదని, ఆ పరీక్షకు పనికిరాదని తెలిసి. ఇంకో సంగతి కూడా ఉంది. నా కంప్యూటర్‌లో రెండూ ఉండేవి. ఆన్ చేయగానే విండోసా, లినక్సా అని తెర మీద అడిగేది. స్వరూప మా ఇంటికి వస్తానన్న రోజు, ఆ ప్రశ్న ఆమె కంట పడకుండా, ముందే ఆన్ చేసి లినక్స్ తెరిచి ఉంచేదాన్ని. తెలియక చేసిన తప్పయితే ఇంత జాగ్రత్త ఎందుకు పడతాను?

పరీక్షలో ఆమె నా పక్క బల్ల దగ్గరే కూర్చుంది. కాసేపు కీబోర్డు చప్పుడు వినపడింది. తర్వాత ఆగిపోయింది. నేను తల తిప్పలేదు. ఉద్యోగం నాకొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నన్ను తప్పు పట్టలేదు స్వరూప. "నువ్వు మంచిగనే చెప్పినవు. విండోస్ మీద పెడ్తరని నీకేం ఎరుక. నా దిమాగే గింతే" అంది. అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. టికెట్టు ముక్కను మడతలు పెడుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఆమె సెంటర్‌కు రాలేదు. కంప్యూటర్ మామకు తిరిగిచ్చేసింది. కుట్టుపని నేర్చుకుని శామీర్‌పేటలో దుకాణం పెట్టింది. ఇప్పుడు చేతి నిండా పని, ఎవరికీ తీసిపోదు. ఆమె బతుకు చెడిపోయిందని కాదు నా బాధ. తనకు తెలివి లేదని నమ్మింది. ఆ నమ్మకం నేనిచ్చింది.

కొన్నేళ్లకు, జాకెట్టు కొలతలు తీసుకుంటూ చెల్లెలి సంగతి ఎత్తింది. "లత ఇంజనీరింగ్‌ల కంప్యూటరే తీస్కుంటనంటాంది. వద్దంటున్న. మా ఇంటి దిమాగులకు గది ఎక్కదు. నేను జూసిన గద." టేపు నా భుజం చుట్టూ ఉంది, పక్కకు తిరగడానికి లేదు. తీసుకోనివ్వమని గట్టిగా చెప్పాను. ఎందుకంత నమ్మకంగా చెబుతున్నానో మాత్రం చెప్పలేదు. నా మాట మీద గౌరవంతో చేర్పించింది. చేసిన పాపం కొంతైనా కడుక్కున్నాననుకున్నాను. ఎంత తేలిగ్గా అనుకున్నానో.

మొన్న మళ్లీ దుకాణానికి వెళ్తే, లతకు ఉద్యోగం వచ్చిందని నోరు తీపి చేసింది. గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తూ నవ్వుతూనే అంది, "ఇన్ని దినాలు మా ఇంట్ల ఎవ్వలకూ ఎక్కదనుకున్న. కాదే. నాకొక్కదానికే ఎక్కలే."

ఇంటికి నిప్పు పెట్టి, ఆర్పుతున్నట్టు నూనె పోసింది నేనే. ఆ క్షణాన చెప్పాల్సిన మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. జాకెట్టు ఎప్పుడిస్తావని అడిగాను.

అందుకే మీకు చెబుతున్నాను. స్వరూపకు వచ్చు. నాకంటే బాగా వచ్చు. ఆమెకు చెప్పమని సారు నాతో పంపిన మాటను నేను దాచుకున్నాను, ఆమె ఉద్యోగం తీసుకున్నాను. ఇంత సూటిగా ఎప్పుడూ, నాలో నేను కూడా అనుకోలేదు. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. శుక్రవారం జాకెట్టు తీసుకోవడానికి రమ్మంది. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు.