ఆకు పేరుతో ఆడిన అబద్ధం

నా చిన్నప్పుడు మద్దేడ్ దగ్గరి మా ఊళ్లో బీడీలు చుట్టే తునికాకు కల్లానికి మా తాతయ్య మున్షీ. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడవిలో కోసి, కట్టలు కట్టి తెచ్చిన ఆకును చూసి తీసుకోవడం ఆయన పని. ఆ కట్టలను ఎండలో పరిచి తిరగేయడం మా మేనత్త పని. భర్త లేని మనిషి, ఆ పనే ఆమెకు కూడు. పైగా ఉబ్బసం. ఇంకొక్క జ్వరం వస్తే తట్టుకోలేదని వైద్యుడు చెప్పి ఉన్నాడు.

ఒక ఏడు సరిగ్గా ఆకు కోతల్లోనే దగ్గు జ్వరం వచ్చింది. మా ఊరికే కాదు, దేశమంతా తిరుగుతున్నదని పట్నం వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు. తాతయ్య కల్లంలో ఉన్నమాటే చెప్పాడు: నా బిడ్డకు దమ్ము, దగ్గేవాళ్లు ఎడంగా ఉండండి. మా ఎదురింటి పెద్దనాన్న పకపకా నవ్వాడు. "మున్షీ బిడ్డ మైనపు బొమ్మనా ఏంది, మా గాలికే కరిగిపోతదా?" కల్లమంతా నవ్వింది. అత్త తల వంచుకుని కట్టలు తిరగేసింది. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆ పెద్దనాన్న పోతే చావుకు కూడా వెళ్లలేదు.

మర్నాడు తాతయ్య కల్లం ముందు ఒక వెదురు గడ అడ్డంగా కట్టి, తెలుగులో, గోండీలో, దోర్లీలో ఒకటే మాట చెప్పాడు. ఈసారి ఆకుకు కొత్త తెగులొచ్చిందట. మనిషి తుంపర పడితే నల్లమచ్చ లేస్తుందట. మచ్చ లేచిన కట్ట తీసుకోడట. ఇక చూడాలి. ఒక్కొక్కరూ మూతికి తువ్వాలు బిగించి, కట్టలు గడ కింద నుంచి లోపలికి తోసి, పదడుగులు వెనక్కి జరిగారు. నిన్న నవ్విన పెద్దనాన్నే పక్కవాడి మీద అరిచాడు: "ఓయ్, అటు తిరిగి దగ్గు! ఆకు, ఆకు!" వాళ్లంతా వెళ్లి, కట్టలు ఎండకు బాగా కాగాకే అత్త వాటిని ముట్టుకునేది.

ఆ తెగులు ఉత్తదని తెలిశాక నాకు ఒళ్లు మండింది. మనిషి కంటే ఆకు ఎక్కువా అని తాతయ్యను నిలదీశాను.

"నాకు కాదు బిడ్డా, వాళ్లకు," అన్నాడు. "ముందు మీ అత్త బతకాలె. వాళ్ల బుద్ధి సంగతి తర్వాత చూద్దాం."

ఆ ఎండాకాలం మా వాడలో ముగ్గురిని మోసుకెళ్లారు. అత్త బతికింది. అయినా నా మంట చల్లారలేదు. తాతయ్య ఆ నవ్వినవాళ్లకు లొంగిపోయాడనే అనుకున్నాను.

కరోనా వచ్చేనాటికి నేను జగదల్‌పూర్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాను. మా కౌంటర్‌లో కూర్చునే, నేను తమ్ముడని పిలిచే కుర్రాడికి కిడ్నీలు చెడి వారానికి రెండుసార్లు డయాలసిస్. జనం రోజంతా అతని మొహం మీదకే వంగి మాట్లాడేవాళ్లు. అతన్ని లోపలి గదిలో కూర్చోబెట్టండి, లేదంటే కౌంటర్‌కు అద్దమైనా పెట్టించండి అని మా ఆఫీసర్ సాహెబ్‌కు అర్జీ ఇచ్చాను. "క్యా మేడమ్, నేతాగిరీ?" అన్నాడు, లీడర్ వేషాలా అన్నట్టు, అందరూ వినేలా. దాంతో పంతం పట్టి ఇంకో మూడు ఇచ్చాను. అతని జబ్బు, మనిషి ప్రాణం విలువ, సాహెబ్ బాధ్యత, ఏదీ వదల్లేదు.

"అక్కా, నువ్వు రాసినకొద్దీ అందరూ నన్ను రేపో మాపో పోయేటోని లెక్క చూస్తున్నరు. వదిలెయ్ అక్కా," అని ఆ తమ్ముడే బతిమాలాడు. నేను వదల్లేదు. న్యాయం నా వైపు ఉంది కదా.

రెండో ఏడు ఎండాకాలంలో అతను పోయాడు. శవాన్ని ఇంటికి కూడా తేనివ్వలేదు.

కొద్ది రోజులకే ఆ కౌంటర్‌కు నిలువెత్తు అద్దం బిగించారు. కొత్త కంప్యూటర్ వచ్చింది, దుమ్ము పడకూడదట.

ఆ ఉపాయం నాకు తట్టలేదని చెప్పుకోలేను. పాత కంప్యూటర్ మీద దుమ్ము రోజూ పొద్దున్నే తుడిచింది నేనే. తుడుస్తూ ఒకసారి తట్టింది కూడా. మనిషిని పక్కనపెట్టి యంత్రం పేరు చెప్పుకోవడమేమిటని రోషం వచ్చి, రాయలేదు. సాహెబ్ అన్న మాటను ఎంత భద్రంగా మోస్తున్నానో, రాయని ఆ అర్జీనీ అంతే భద్రంగా మోస్తున్నాను.