మామ పేరు లేని లిస్టు

మొన్న హన్మకొండలో మందుల షాపు ముందు నిలబడితే నొప్పుల నూనె వాసన వచ్చింది. చిన్నప్పుడు మా మేనమామ దగ్గర ఎప్పుడూ ఆ వాసనే. ఆయన వరంగల్‌లో ఒక క్లబ్బుకు జీతం మీద ఫుట్‌బాల్ ఆడేవాడు. ముందున్నవాళ్లకు బంతి అందించడం ఆయన పని.

నాకు ఎనిమిదేళ్లప్పుడు నర్సంపేట టీముతో ఫైనల్ జరిగింది. మామ ముగ్గురిని తప్పించి బంతి అందిస్తే ఇంకొకతను గోల్ కొట్టాడు. ఆట కాగానే క్లబ్బు మేనేజరు దండ తెచ్చి గోల్ కొట్టినతని మెడలో వేశాడు. నాకు ఒళ్లు మండింది. గ్రౌండులోకి ఉరికాను.

"బాల్ ఇచ్చింది మా మామ! నీకు కండ్లు కనవడ్తలేవా?" అని మేనేజరు మీద అరిచాను.

అందరూ నవ్వారు, మేనేజరు తప్ప. మామ కుంటుకుంటూ వచ్చి నన్ను ఎత్తుకున్నాడు.

"ఊకో బిడ్డా. గెలిచినం గదా, గంతే చాలు."

నెల తర్వాత క్లబ్బు గోడకు అంటించిన ఆటగాళ్ల లిస్టులో మామ పేరు లేదు. నా నోటి దురుసు వల్లే తీసేశారనుకున్నాను. ఆయన ఇంటికొస్తే తలుపు చాటుకు పోయేదాన్ని.

నా పెళ్లయ్యాక ఒకరోజు ధైర్యం చేసి, క్షమించమని మామను అడిగాను. ఆయన బిత్తరపోయాడు.

"నీ వల్లనా? పిచ్చిదానా! మోకాలు వాచినా సూదులిచ్చి రెండేండ్లు ఆడిపిచ్చిండ్రు. ఇగ ఆడొద్దని దవాఖానల చెప్పంగనే పేరు కొట్టేసిండ్రు."

కాలు పాడయ్యేదాకా వాడుకుని, ఒక్క మాటైనా చెప్పకుండా పంపేశారు. తిట్టాల్సింది వాళ్లనైతే, అన్నేళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను.