బావ పెట్టెలో మీటలు

మాచర్లలో మా బావ ఇంట్లో ఒక పెట్టె ఉంది. పైన పిడితో, చూడటానికి కుట్టుమిషను పెట్టెలా ఉంటుంది. మూత ఊడదీస్తే ఆ మూతే కీబోర్డు. లోపల అరచేయంత తెర, దానిమీద పచ్చ అక్షరాలు. సుమారు నలభై ఏళ్ళనాటి కంప్యూటరు. ఎక్కడికైనా పట్టుకెళ్ళొచ్చని చెప్పి అమ్మారట. పట్టుకెళ్ళినవాడి భుజం సంగతి మాత్రం చెప్పలేదు. క్వారీ ఆఫీసు మూసేసిన రోజున అక్కడ గుమాస్తాగా చేస్తున్న బావ దాన్ని ఇంటికి మోసుకొచ్చుకున్నాడు. జిల్లా అంతా గాలించినా అలాంటిది ఇంకొకటి దొరకదని ఆయన గొప్ప. దొరకదు కాబట్టి దాని విడిభాగాలూ దొరకవన్న సంగతి నాకు ఆలస్యంగా తట్టింది.

ఏడాదిగా బావ చేతులు వణుకుతున్నాయి. కలం పడితే గీత ఆయన మాట వినదు. ఫోను తీస్తే వేలు ఆనీ ఆనకముందే నాలుగు అక్షరాలు పడిపోతాయి. వీధిలో సగం మందికి ఇంగ్లీషులో అర్జీలు రాసిపెట్టిన మనిషి. ఇప్పుడు తన అర్జీ ఒకటి రాసుకోవాలి. బడి వేళల్లో రాళ్ళ లారీలను తమ వీధిలోంచి తిప్పొద్దని రాసి, అర్జీలు తీసుకునే ఏదో ఒక సోమవారం నరసరావుపేట వెళ్ళి కలెక్టరుగారి చేతికివ్వాలి.

"నువ్వు చెప్తా ఉండు బావా, నేను లాప్‌టాపులో కొట్టేస్తా" అన్నాను.

"నువ్వు కొడితే నీ ఇంగ్లీషు వచ్చిద్ది. నాది రాదు. ఈ పెట్టె మీటలైతే దిగేదాకా నొక్కితేగాని అక్షరం పడదు. నా వణుక్కి అదే సరి. ఇప్పుడు నాలుగైదు తప్ప ఏయీ పలకట్లా. ఫిజిక్సు లెక్చరరుగా చేశావు గదా, బాగుచెయ్."

అప్పుడే ఇంకోమాట కూడా అన్నాడు. "ఒరేయ్, ఆ రోజుల్లో హైదరాబాదు నించి వచ్చిన మెకానిక్కు చెప్పాడు, ఇందులో తగిలేదేం లేదంట. దగ్గరికొస్తే చాలంట." నేను తలూపాను. విన్నందుకు కాదు, మరలు విప్పుతున్నందుకు.

విప్పితే లోపల పల్నాడంతా ఉంది. అడుగున తెల్లగా క్వారీ దుమ్ము. దానిమీద ఎర్రగా, పొరలు పొరలుగా ఇంకేదో. వేలితో తీసి వాసన చూశాను. కుంకుమ.

"అక్కా, ఇదేంది?"

"ఏటేటా దసరాకి పూజ చేసి బొట్లు పెడతన్నా. పెట్టొద్దా?"

"పైన పెట్టెకి పెడితే చాలదా? మీటమీటకీ పెట్టాలా?"

"ఒకదానికి పెట్టి ఇంకోదానికి మానెయ్యటం ఏం బాగుంటది రా?" అంది అక్క. కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు మార్కులు వేసినవాణ్ణి, సమానత్వం మీద నాకు అంత పట్టింపు ఎప్పుడూ లేదు.

చెవిపుల్లలూ స్పిరిట్టూ పెట్టుకుని రెండు రోజులు ఆ కుంకుమ తుడిచాను. తర్వాత తీగకి తీగ తగిలితే కూసే మీటరు తీసి మీటల పని పట్టాను. నొక్కినప్పుడు మీటరు కూయాలి. కూయలేదు. రెండోదీ కూయలేదు. ఎనభై చిల్లర మీటల్లో ఒక్కటీ కూయలేదు. విచిత్రం ఏమిటంటే, తెరమీద చక్కగా అక్షరం వేస్తున్న నాలుగైదు మీటలు కూడా నా మీటరు లెక్క ప్రకారం చచ్చిపోయాయి. మీటరు పాడైందనుకుని కొత్తది కొన్నాను. అదీ అదే చెప్పింది. మీట నొక్కితే మాట రావాలి. నాకు మాటలు పడటం మాత్రమే మొదలైంది.

"రెండు సోమవారాలు పోయినయ్యి" అన్నాడు బావ, మంచంమీద నుంచి.

"మంచి జబ్బుకి మంచి డాక్టరు దొరికాడు" అంది అక్క, వంటింట్లో నుంచి.

మూడో వారం మా ఊరి నుంచి వచ్చి బస్సు దిగుతూనే, ఇవాళ్టితో దీన్ని మూసి ఓటమి ఒప్పుకుందామనుకున్నాను. అంతకుముందు వారం దుమ్ము పడకుండా అడుగునున్న సర్క్యూటు పలకకీ మీటలకీ మధ్య ఒక పల్చటి ప్లాస్టిక్ కాగితం దోపాను. దాన్ని తియ్యడం మరిచిపోయి మరలు బిగించి పెట్టె వెలిగించాను. చిరాకులో ఒక మీట నొక్కాను. బతికున్న వాటిలో ఒకటి. తెరమీద అక్షరం పడింది. మధ్యలో ప్లాస్టిక్ ఉంది. ఏదీ దేనికీ తగల్లేదు. అయినా పడింది.

మరలు మళ్ళీ విప్పి చూశాను. రెండు రేకులు, మధ్యలో ఎడం. ఎడం తగ్గితే ఛార్జీ పట్టే కెపాసిటీ పెరుగుతుంది, అది పెరిగితే పెట్టెకి మీట నొక్కినట్టే. ఏటా సుద్దముక్కతో బోర్డుమీద నేను గీసిన బొమ్మే అది. కండెన్సరు. పిల్లలకి ఎనిమిది మార్కుల ప్రశ్న. నాకు సున్నా.

"తగిలేదేం లేదని మొదటి రోజే చెప్పా గదరా" అన్నాడు బావ.

"చెప్పావు బావా."

"మరి?"

"వినలా."

ప్రతి మీట అడుగునా వెండిరంగు రేకు అతికించిన స్పాంజి బిళ్ళ ఒకటి ఉంది. ఆ స్పాంజి వయసైపోయి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. జబ్బు తెలిసింది. ఇక మందు. ఆటో సీట్లు కుట్టే కొట్లో స్పాంజి ముక్క అడిగి తెచ్చాను. రేకు కోసం చిప్స్ పాకెట్లు కడిగి ఆరేశాను. అవి ఖాళీ చేసే పని మాత్రం ఎవరూ చెప్పకుండానే అక్క చేసింది. చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర తోలుకి రంధ్రాలు కొట్టే గొట్టం అరువు తెచ్చి బిళ్ళలు కోశాను. కోసి, అతికించి, బిగించి, వెలిగిస్తే, ఎవరూ నొక్కకుండానే తెరనిండా అక్షరాలు పరుగెత్తాయి. స్పాంజి మందం ఎక్కువైంది.

"నా చేతులకంటే దీనికే వణుకు ఎక్కువుందిరా" అన్నాడు బావ.

అన్నీ పీకి, స్పాంజిని బ్లేడుతో సగానికి చీల్చి, మళ్ళీ మొదటి నుంచి. వేళ్ళకి బంక, బంకకి చిప్స్ కారం. నాలుగో సోమవారం కూడా పోయింది.

ఆ గురువారం మధ్యాహ్నం బావ పెట్టె ముందు కూర్చున్నాడు. వేలు వణుకుతూ మీటమీదికి వచ్చింది, మీటమీద కూడా వణికింది. ఏమీ పడలేదు. అప్పుడు నొక్కాడు. ఒక్క అక్షరమే పడింది. తర్వాత ఇంకొకటి. అక్క టీ తెచ్చి పక్కన పెట్టింది. అర్జీ పూర్తయ్యేసరికి టీ రెండుసార్లు చల్లారింది.

"ఇప్పుడు కాగితం మీదికి తియ్" అన్నాడు.

దీనికి సరిపోయే ప్రింటరు క్వారీతోపాటే పోయింది. నెల రోజులు మీటల మీదే కళ్ళు పెట్టిన నాకు ఈ ఆలోచన ఒక్కసారైనా రాలేదు.

"తెరని ఫోటో తీస్తా బావా."

"కలెక్టరుగారికి ఫోటో ఇస్తానా? నీ చేతులు బానే ఉన్నయ్యి గదా. చూసి రాయి."

తెల్లకాగితం, నీలం కలం తెచ్చుకుని తెర చూస్తూ రాయడం మొదలెట్టాను. ఒకచోట లారీలు 'చాలా దుమ్ము లేపుచున్నవి' అన్న అర్థంలో బావ మోటుగా ఒక మాట కొట్టాడు. నేను దాన్ని కాస్త నున్నగా చేశాను. ఆయన పక్కనుంచి వంగి చూశాడు.

"అది నాది కాదు."

"అర్థం ఒకటే బావా, ఇది ఇంకాస్త..."

"కలపమాక. నేను కొట్టింది రాయి."

ఆ కాగితం పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నాను. అందులో నాకు తెలియకుండానే ఒక కామా పెట్టాను. మూడో కాగితం తీస్తుంటే అక్క వంటింట్లోంచి అడిగింది, ఈసారి బాగుపడాల్సింది పెట్టెనా, తమ్ముడా అని. సోమవారానికి ఇంకా నాలుగు రోజులుంది.