శుక్రవారం గంట మోగించే మా మరిది

రామచంద్రపురం అక్కయ్యా, మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? కడియం చెల్లీ, మీ ఆయన షుగరు దిగిందా? చిన్నకోడలికి దగ్గు తగ్గిందా, ఇంకా ఫ్యాను కిందే పడుకుంటోందా? అందరినీ వరసగా అడగందే నాకు తోచదు. ఈసారి ఆ వరసలో ఒకరు తగ్గారు. మా మరిది కిందటి నెల పోయాడు. రాలేకపోయిన బంధువులు చదువుకుంటారని నాకు తోచినట్టు రాస్తున్నాను. రాయడం పెద్దగా రాదు, ఓపికా లేదు.

మా వెనక వీధిలోనే అతని ఇల్లు, దాన్ని ఆనుకుని రొయ్యల చెరువు. చెరువులో నీళ్ళు చిలికే ఫ్యాన్లు తిరుగుతూనే ఉండాలి. అవి ఆగితే రొయ్యలకి గాలి అందదు, పంటంతా చచ్చి తేలిపోతుంది. అందుకని కరెంటు పోగానే మోగే అలారం ఒకటి గట్టు మీది షెడ్డులో పెట్టాడు. ప్రతి శుక్రవారం స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కాసేపు మెయిన్ ఆపి దాన్ని మోగించి చూసేవాడు. ముందుగా మా ఇంటివైపు తిరిగి కేకేసేవాడు. "వదినా, కంగారు పడకండి, నేనే!" అయినా నా గుండె దడదడలాడేది.

"కరెంటే లేకపోతే అదెలా మోగుతుందయ్యా?" అని అడిగాను ఒకసారి.

"కరెంటు ఉన్నంతసేపూ లోపల అయస్కాంతం ఒక రేకుని పట్టుకుని ఉంటుందండి. కరెంటు పోతే పట్టు వదిలేస్తుంది. రేకు వెనక్కొచ్చి బ్యాటరీ తీగని తాకుతుంది. ఇంక గోలే గోల."

పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతానని మా వంటింటి కప్పుకి పొగ అలారం కూడా బిగించాడు. అందులో చిన్న వెలుగు ఉంటుందట. పొగ దూరితే ఆ వెలుగు చెదిరి పక్కనున్న, వెలుగుని పసిగట్టే కన్ను మీద పడుతుందట, అప్పుడు అరుస్తుందట. కొన్నాళ్ళకి అది పొగ లేకుండానే ఉండుండి కిచ్‌మనడం మొదలెట్టింది. నేను బల్లి అనుకున్నాను. పలికినప్పుడల్లా కృష్ణ కృష్ణ అనుకుంటూ, ఏ దిక్కున పలికితే ఏం కీడో పంచాంగంలో చూపించుకుని కాకినాడ ప్రయాణం కూడా మానుకున్నాను. మరిది వచ్చి, కుర్చీ ఎక్కి దాని మూత విప్పి ఒకటే నవ్వు.

"వదినా, మీ బల్లికి ఆకలేస్తోందండి. బ్యాటరీ అయిపోవచ్చింది. పూర్తిగా చచ్చేలోగా చెప్పుకుంటోంది పాపం."

"నవ్వకయ్యా, నా ప్రయాణం పోయింది."

"మోగేదానికి భయపడతారేంటండి? మోగాల్సినప్పుడు ఊరుకున్నదానికి భయపడాలి గానీ."

అలాంటివాడు ఆ రోజు ఛాతీ బరువుగా ఉందన్నాడు. గ్యాసేలే అని మాత్ర మింగి, మేత వేయడానికి వెళ్ళి గట్టు మీదే కూలబడ్డాడు. ఆ బరువూ మా వంటింటి బల్లి కూతలాంటిదే. అతనికి తెలియలేదు.

మొన్న వెళ్తే షెడ్డులో అలారం తీగ పీకేసి ఉంది.

"అదేంటే?" అన్నాను మా తోటికోడలితో.

"అది మోగితే ఆయన షెడ్డులో ఉన్నట్టే ఉంటుందక్కా. వినలేను."

"మరి కరెంటు పోతే? నువ్వు కాస్త కన్నుమూసినప్పుడు ఫ్యాన్లు ఆగితే? మీ పిల్ల చదువంతా ఆ చెరువులోనే ఉందే!"

"నాకు తెలీదా అక్కా?" అని కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు. చెరువు వైపు చప్పుడు కాస్త తగ్గినా లేచి కూర్చుంటున్నాను. అలసిపోయాను. చివరికి ఎలక్ట్రీషియన్ని పిలిచి తీగ మళ్ళీ పెట్టించాను. మెయిన్ మీట మీద మరిది మేత చేత్తో నొక్కిన వేలి మరక అలాగే ఉంది. ఎలక్ట్రీషియన్ తుడవబోతే వద్దన్నాను.

మోగించి చూడటం మాత్రం మిగిలిపోయింది. వచ్చే శుక్రవారం పొద్దున్నే స్నానం చేసి వస్తానని తోటికోడలికి చెప్పాను. మెయిన్ నేనే ఆపుతాను. ముందుగా వాళ్ళ ఇంటివైపు తిరిగి కేకేస్తాను, "కంగారు పడకే, నేనే" అని.