కలిదిండి రోడ్డు, ఇవ్వని నోటీసు

మా పాప పుట్టడానికి ముందు ఏడాది, వానలు తగ్గుతున్న రోజుల్లో, ఏలూరులో నేను పనిచేసిన శిక్షణ సంస్థ నన్ను తాడేపల్లిగూడెం పంపింది. నిర్మాణ కాంట్రాక్టుల నిర్వహణ, వివాదాల పరిష్కారం గురించి ప్రభుత్వ శాఖల ఇంజనీర్లకు, కాంట్రాక్టు కంపెనీల ఇంజనీర్లకు కలిపి తరగతులు చెప్పాలి. నా హోదా అసోసియేట్ ట్రైనర్. సీనియర్లెవరూ లేకుండా ఒక బ్యాచ్‌ని నాకు అప్పగించడం అదే మొదలు. ఉద్యోగం మానేశాక ఇప్పుడు పాప దగ్గితే ఎంత కంగారు పడుతున్నానో, అప్పుడు ఎవరైనా చెయ్యెత్తితే అంత కంగారు పడేదాన్ని.

ఆ రోజు పాఠం నోటీసు గురించి. కాంట్రాక్టరు తప్పు లేకుండా పని ఆగితే, ఆ సంగతి ఒప్పందంలోని గడువులోగా పని అప్పగించిన శాఖకు రాతపూర్వకంగా తెలపాలి. లేకపోతే అదనపు సమయం అడిగే హక్కు పోతుంది, ఆలస్యానికి జరిమానా పడుతుంది.

టీ విరామంలో సురేష్ నా దగ్గరికి వచ్చాడు. పెంటపాడు అతను, ఒక కాంట్రాక్టు కంపెనీలో సైట్ ఇంజనీరు. కలిదిండి దగ్గర వాళ్లు వేస్తున్న రోడ్డు ఆగిపోయింది. అడ్డంగా ఉన్న కరెంటు స్తంభాలను శాఖ తీయించాలి. ఆ లైను మీదే రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతాయి కాబట్టి, రొయ్యలు పట్టేదాకా స్తంభాలు కదపడానికి వీల్లేదని రైతులు పట్టుబట్టారు. నోటీసు గడువు మర్నాటితో సరి.

"మరి ఇచ్చేయండి" అన్నాను.

"ఎలా ఇస్తాను మేడమ్? డీఈ గారు మంచాయనండీ. ఫోన్ చేసినప్పుడల్లా 'చూద్దాం లెండి' అంటారు. ఇప్పుడు కాగితం పంపితే ఆయన మీద కంప్లెయింట్ పెట్టినట్టుండదూ?"

శాఖ తరఫున ఆ రోడ్డు పని చూసే ఆ డీఈ, అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అదే తరగతిలో ముందు వరసలో కూర్చున్నారు. జరిమానా పడితే తన ఉద్యోగం ఉండదని సురేష్‌కి తెలుసు. అయినా మొహమాటం.

మధ్యాహ్నం అభ్యాసానికి కుర్చీలు మార్చాను. శాఖవాళ్లు కాంట్రాక్టర్లుగా, కాంట్రాక్టరు మనుషులు అధికారులుగా మాట్లాడాలి. వంతెన కట్టడానికి శాఖ స్థలం అప్పగించలేదన్నది నేనిచ్చిన సమస్య. డీఈ గారికి ఎదురుగా సురేష్‌ని కూర్చోబెట్టాను.

"ఏవండీ, స్థలం ఎప్పుడిస్తారండీ?" అని అడిగారు డీఈ గారు.

"చూద్దాం లెండి" అన్నాడు సురేష్, ఆయన గొంతుతోనే.

తరగతంతా నవ్వింది. డీఈ గారు నవ్వలేదు. కాగితం తీసుకుని గబగబా నోటీసు రాసి అతని ముందు పెట్టారు.

"తీసుకోండి సార్. మీ 'చూద్దాం' నమ్ముకుని నేను జరిమానా కట్టలేను." ఆ వెంటనే నటన మాని మామూలు గొంతుతో అడిగారు: "మరి నాకు మీరెందుకివ్వలేదు బాబూ?"

"మీరేమనుకుంటారోనని అండీ..."

"అనుకోడానికేముంది? గడువు పెంచమని నేను పైకి రాయాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలిగా. మీ ఫోన్ కాల్ జతచేసి పంపమంటారా?"

ఈసారి ఆయన కూడా నవ్వారు.

మర్నాడు ఉదయమే సురేష్ తన మేనేజరు సంతకంతో నోటీసు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాడు. డీఈ గారు సిఫారసు చేశారు, గడువు పెరిగింది. రొయ్యలు పట్టాక స్తంభాలు తీశారు, పని సాగింది.

ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌లోనూ నోటీసు పాఠాన్ని కుర్చీల మార్పుతోనే మొదలుపెట్టాను. నియమం దాదాపు అందరికీ తెలుసు. అవతలి అధికారికి ఆ కాగితం ఎంత అవసరమో మాత్రం, ఆయన కుర్చీలో కూర్చుంటేగాని తెలియదు.