సారు అడిగిన నాడె

మా జువాలజీ సారు పోయారని ఆదోని నుంచి ఫోను వచ్చినప్పుడు, ఎమ్మిగనూరులో నేను పిల్లలకు మిడత కాళ్లు చూపిస్తున్నాను. పాఠం అక్కడే ఆగిపోయింది.

సారు దగ్గర చదివినవాళ్లకు ఆయన బల్ల మీది రేకు ట్రే గుర్తుండే ఉంటుంది. పళ్లూడిన దువ్వెన, రంపం ముక్క, పూసల దండ, దారం ఉండ. పురుగుల మీసాల ఆకారాలన్నీ అందులోనే ఉండేవి. పేరు కోసం పుస్తకం తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు. "పేరు యాడికీ పోదు. పురుగు ఎగిరిపోతాది. ముందు దాన్ని సూడండప్పా!" సుద్దముక్కలు జేబులో వేసుకుని మర్చిపోయేవారు. ఏ చొక్కా వేసినా జేబు తెల్లగానే ఉండేది.

మగ్గంలో పోగు మోస్తూ అటూ ఇటూ పరిగెత్తే నాడె చప్పుడు వింటూ పెరిగినదాన్ని నేను. మాది మగ్గాల ఇల్లు. తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు ఆ ఇంగ్లీషు పేర్లు నోరు తిరిగేవి కావు. డిగ్రీ మానేసి ఇంట్లో నూలు కండెలు చుట్టుకుంటానని చెప్పడానికే ఒకరోజు సారు దగ్గరికి వెళ్లాను. ఆయన వినీ విననట్టు మైక్రోస్కోపు నా వైపు జరిపారు. మిరపాకు మీద తామర పురుగు.

"ఎట్లుందో సెప్పు."

"నడుమ లావు, రెండు కొసలూ సన్నం. మా నాడె మాదిరి ఉంది సార్."

"అంతే గదమ్మా! ఇంగ దాని ఇంగ్లీషు పేరు ఎట్ల మర్సిపోతావో నేనూ సూస్తా. రేపు ఒక నాడె తీసుకరా."

మానేస్తానన్నదాన్ని, నాడె ఇవ్వడానికైనా మర్నాడు వెళ్లక తప్పలేదు. "పురుగుల సదువుకు నాడె ఎందుకే?" అని నవ్వుతూనే మా నాయన పాతది ఒకటి ఇచ్చాడు. సారు దాన్ని దువ్వెన పక్కన పెట్టి, "ఇది ఈయమ్మ తెచ్చింది" అని క్లాసంతటికీ చెప్పారు. ఆ తర్వాత చదువు మానే మాట నా నోట రాలేదు. ఈరోజు నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే.

కర్మ రోజున సారు భార్య ఆ నాడె నా చేతిలో పెట్టారు. "నీకే ఇయ్యమన్యారు తల్లీ" అంటుంటే ఇద్దరికీ ఏడుపు ఆగలేదు.

ఇప్పుడది నా బల్ల మీద ఉంది. మొన్న హాలహర్వి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక పిల్ల దాన్ని చేతిలోకి తీసుకుంది. మిరప చేలల్లో పెరిగిన పిల్ల, మగ్గం ఎన్నడూ చూడలేదు.

"ఇదేంది మేడం?"

పేరు నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. "ముందు సూడు తల్లీ" అన్నాను.

కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి, కొసలు రెండూ వేలితో తడిమింది.

"తామర పురుగు మాదిరి ఉంది మేడం."